వాగుకి అవతలి రోడ్డు

అక్టోబరు చివర్లో పోస్టుకి చేరాను. పగలు పదకొండు గంటలకు. కింది క్యాంపు నుంచి ఆరు గంటల ఎక్కుడు. వీపున ఇరవై రెండు కిలోల సామాను, భుజాన రైఫిల్. కొల్లేటికోటలో నీళ్ల మధ్య పుట్టినవాణ్ని, గుట్ట కూడా ఎక్కి ఎరగను. పైకి వచ్చేసరికి ముక్కులోంచి రక్తం.

పోస్టు కింద లోయ. లోయలో వాగు. వాగే సరిహద్దు. ఇటు మన ఊరు, అటు వాళ్ల ఊరు. నా పని ఒకటే: బైనాక్యులర్స్‌తో అవతలికి చూసి, కొత్తగా ఏది లేచినా రిజిస్టర్లో రాయడం. కరెంటు స్తంభాలు. బడికి రేకుల కప్పు. కొండ తొలిచి వేస్తున్న రోడ్డు. వాళ్ల సెంట్రీ కూడా మా వైపు అలాగే చూసి రాసుకునేవాడు. మనకి సెల్‌టవర్ వచ్చింది, తారురోడ్డు సగంలో ఆగింది.

రేడియో ఆపరేటరుది తాడేపల్లిగూడెం. నాకంటే పదేళ్లు పెద్ద.

"మనమే ముందున్నామంటారా అండీ?" అని ఒకసారి అడిగాను.

"టవర్లో మనం, రోడ్డులో వాళ్లు. నువ్వు రాయి బాబూ, తేల్చేవాళ్లు వేరే ఉన్నారు."

ఫిబ్రవరిలో మూడు రోజులు ఆగకుండా మంచు పడింది. నాలుగో రోజు మధ్యాహ్నం రెండు ఇరవైకి అవతలి రోడ్డు మీద నలుగురు కనిపించారు. మంచం మోస్తున్నారు. మంచం మీద దుప్పట్లలో ఒక మనిషి. వాళ్ల ముందు కొండచరియ విరిగిపడి రోడ్డు మూసుకుపోయింది. వాగు గడ్డకట్టి ఉంది. దాన్ని దాటి మన ఒడ్డున యాభై అడుగులు నడిస్తే, మళ్లీ అటు దాటి వాళ్ల రోడ్డెక్కొచ్చు. వాగు దాటిన ఎవరినైనా కాల్చమని మాకు ఆర్డరు.

వాళ్లు వాగులోకి దిగారు. నేను గురిపెట్టాను. అవతలి బంకర్లో మెషిన్‌గన్ మా వైపు తిరిగింది.

రేడియోలో కంపెనీ కమాండరు: "ఆయుధాలున్నాయా?"

"కనపడ్డం లేదు సార్. మంచం మీద ఆడమనిషి. కడుపుతో ఉన్నట్టుంది" అన్నాడు నా పక్కనున్న ఆపరేటరు.

"ఆగండి."

నాలుగు నిమిషాలు రేడియోలో గరగర తప్ప ఏమీ లేదు. మంచం మన ఒడ్డెక్కింది. నా చూపుడువేలికి స్పర్శ పోయింది.

"ఏం చేయమంటారండీ?" అని ఆపరేటరుని అడిగాను.

"ట్రిగ్గర్ మీంచి వేలు తియ్యి. కమాండరు మాట వచ్చేదాకా పెట్టకు."

మాట వచ్చింది. "పోనివ్వండి."

ఆ రోజు రిజిస్టర్లో "రోడ్డు మూసుకుపోయింది" అని మాత్రం రాశాను. మార్చిలో మన వైపు ఊళ్లో జబ్బుపడ్డ పెద్దాయన్ని ఒకర్ని అలాగే మంచం మీద కిందికి మోసుకెళ్లారు. అది రిజిస్టర్లో రాసే విషయం కాదు.

రెండేళ్లకి పోస్టు దిగాను, సర్వీసు ముగిశాక ఇంటికి తిరిగొచ్చాను. ఇప్పుడు ఆకివీడులో చేపల లారీలకి ఐసు లోడింగ్ చూస్తున్నాను. మొన్న ఏలూరులో ఒక కాలేజీవాళ్లు సరిహద్దు గురించి మాట్లాడమని పిలిచారు. ఒకమ్మాయి లేచి అడిగింది: "ఇరవై ఏళ్లకి రెండు దేశాల్లో ఏది బాగుపడుతుందండీ?"

"తెలియదమ్మా. రెండు వైపులా స్తంభాలు లెక్కపెట్టాం. ఆస్పత్రి మాత్రం ఎవరి బైనాక్యులర్స్‌లోనూ కనపడలేదు" అన్నాను.

ఆ మంచం మీది ఆవిడ బతికిందో లేదో నాకు తెలియదు. మంచం వెనక కోడు పట్టుకున్న ముసలాయన మన ఒడ్డున ఉన్నంతసేపూ ఒక చేత్తోనే మోశాడు. రెండో చెయ్యి పైకెత్తి ఉంచాడు. వేళ్లు విప్పి, ఖాళీగా, నా తుపాకీ వైపు.