ఆమె శ్రుతి

సెల్‌ఫోన్లు కొత్తగా వచ్చిన రోజుల్లో, తాగుడు మానిన ఒక నటి తాడేపల్లిగూడెంలో మళ్లీ నాటకం ఆడింది. పేరుమోసిన నటి అయిన ఆమె తల్లి ముందు వరుసలో కూర్చుంది. హార్మోనియం నాది. ఆ కూతురు తాగి వచ్చి ఇదివరకు మా నాటకాలు చెడగొట్టిందన్న అక్కసుతో, కావాలనే తల్లి పాడే పై శ్రుతి పెట్టాను. పద్యం మధ్యలో కూతురి గొంతు పగిలింది. జనం నవ్వారు.

తల్లి లేచి వేదిక దగ్గరకొచ్చింది.

"ఏవండీ, అది నా శ్రుతండి. ఈ వయసులో నాకే అందట్లేదు. రెండు మెట్లు దించండి, మా అమ్మాయి పాడుతుంది."

జనం మళ్లీ నవ్వారు, ఈసారి ఆవిడ మాటకి. నేను దించాను. కూతురు పద్యం మొదటినుంచి ఎత్తుకుంది. రాగం తీస్తుంటే హాలంతా ఊపిరి బిగబట్టింది. అలాంటి గొంతును నేను నవ్వులపాలు చేశాను.