పదకొండో సంతకం

మా అక్క డాక్టరు. ఆ మాట అనగానే జనం కారు, మేడ ఊహించుకుంటారు. ఆమె బస్ డిపో వెనక రెండు గదుల ఆసుపత్రిలో కాంట్రాక్టు డాక్టరు. ఏడేళ్లుగా ఏటా ఒకరోజు ఉద్యోగం పోతుంది, మర్నాడు మళ్లీ వస్తుంది. కట్లు కట్టేదీ ఆమే, ఫ్యాను ఆగితే ఎలక్ట్రీషియన్ని బతిమాలేదీ ఆమే.

నేను డాక్టర్ల సంఘం ఆఫీసులో గుమాస్తాను. అందులో కాంట్రాక్టు డాక్టర్లకు సభ్యత్వం ఉంది, ఓటు లేదు. సంఘం పెద్దలకు ఏం బుద్ధి పుట్టిందో, "మీ వాళ్ల గొంతు కూడా వినిపించాలమ్మా" అంటూ ఈమధ్య అక్కను కార్యవర్గంలో కూర్చోబెట్టారు. ఆమె అడగాలనుకున్నది ఒక్కటే: తనలాంటి వాళ్లకు ఓటు.

మొదటి సమావేశం మూడింటికి. అక్క రిజిస్టర్లో సంతకం పెట్టి కూర్చుంది. ఎజెండాలో ఆమె అంశం ఆఖరిది. భవనానికి ఏ రంగు వేయాలన్న చర్చే గంటన్నర సాగింది. ఐదింటికి డ్యూటీ ఉందని అక్క నాలుగున్నరకు లేచి వెళ్లిపోయింది. ఆ తర్వాత రెండు నిమిషాల్లో ఓటు సంగతి వాయిదా వేశారు. "హాజరైన సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించారు" అని నేను సమావేశం మినిట్స్‌లో రాశాను. నిజానికి అది టైపు కూడా చేయలేదు. ఆ వాక్యం కంప్యూటర్లో ఎప్పుడూ ఉంటుంది, నేను తేదీ మారుస్తానంతే.

వారం తిరక్కుండా అక్కకు తోటి కాంట్రాక్టు డాక్టర్ల నుంచి ఫోన్లు. "నువ్వే ఒప్పుకుని వచ్చావంట! కుర్చీ దొరకగానే మేం కంటికి ఆనడం లేదా తల్లీ?"

అక్క అయోమయంగా నా ముందు కూర్చుంది. "ఒరేయ్, నేను ఒప్పుకున్నానా?"

"సంతకం ఉంది కదక్కా."

"అది వచ్చినందుకు పెట్టాన్రా!"

ఆ వాక్యం నా చేతిదని చెప్పడానికి నోరు రాలేదు.

రెండో సమావేశానికి అక్క వచ్చింది గానీ రిజిస్టర్ ముట్టుకోలేదు. ఆ రోజు పెద్దల్లో సగం మంది రాలేదు. సమావేశం చెల్లాలంటే పదకొండు సంతకాలుండాలి. పదే ఉన్నాయి. కార్యదర్శి కళ్ల డాక్టరు. ఆయన రిజిస్టర్ని అక్క ముందుకు జరిపాడు.

"పెట్టమ్మా, టీ చల్లారిపోతోంది."

"ముందు మా సంగతి మాట్లాడదాం సార్. అయ్యాక పెడతాను."

"సంతకం లేకపోతే నువ్వు రానట్టే లెక్క. రానివాళ్లు ఎలా మాట్లాడతారు?"

"మరి రానిదాన్ని పట్టుకుని సంతకం అడుగుతున్నారేంటి సార్?"

ఎవరికో టీ పొలమారింది. కార్యదర్శి నావైపు కొరకొరా చూశాడు. నాలుగున్నర దాకా పెన్ను బల్ల మీదే ఉంది. తర్వాత అక్క లేచింది. సమావేశం రద్దయింది.

మెట్ల మీద అక్క ఆగిపోయింది. "మంచి పని చేశానంటావా, ఉన్నది కూడా చెడగొట్టానా?"

"తెలియట్లేదక్కా. పోయినసారి ఏకగ్రీవం అన్నది... నేనే. ఎప్పుడూ ఉండే వాక్యమే, చూసుకోలేదు."

తిడుతుందనుకున్నాను. వాచీ చూసుకుని, "బుర్ర ఎక్కడ తాకట్టు పెట్టావురా?" అని, బస్సు కోసం పరుగెత్తింది.

మర్నాడు మినిట్స్ రాయడానికి కూర్చున్నాను. హాజరు: పదిమంది. సరిపడా సభ్యులు లేక సమావేశం రద్దు. మరి గంటన్నర కూర్చున్న మనిషిని ఎక్కడ రాయాలి? రాని మనిషి వల్ల రద్దయిందా, వచ్చిన మనిషి వల్లా? ఎటూ తేలలేదు. కంప్యూటర్లోంచి ఆ ఏకగ్రీవం వాక్యాన్ని మాత్రం తుడిచేశాను.

తర్వాత వచ్చే నెల ఎజెండా తీసి, ఓటు అంశాన్ని భవనం రంగుల చర్చకు పైన, మొట్టమొదట పెట్టాను. కార్యదర్శి చూస్తే నా ఉద్యోగం ఏమవుతుందో తెలియదు. చూడకుండానే సంతకం పెట్టేస్తాడేమో. ఆయనకది అలవాటే.