బన్ను లేని బర్గరూ, అన్నం అడగని రాత్రీ

ఆ రోజుల్లో మా ఇంట్లో తినడం అంటే అన్నం తినడమే. (ఆ రోజులంటే మరీ పాతవేమీ కావు, ఫోన్లో వీడియోలు చూసి వంటలు చేసే రోజులే.) సాయంత్రం ఎన్ని దోసెలు లాగించినా, చుట్టాలింట్లో ఎన్ని బజ్జీలు మింగినా, ఇంటికొచ్చాక "ఏమన్నా తిన్నావా?" అని అడిగితే "ఇంకా లేదు" అనే చెప్పాలి. దోసె టిఫిను, బజ్జీ చిరుతిండి, పండు ఉత్త పండు. అన్నం మెతుకు లోపలికి పోనంతవరకూ మనిషి పస్తున్నట్టే లెక్క. ఈ చట్టం ఎవరు రాశారో తెలియదు గానీ అమలు చేసేది మాత్రం మా అమ్మ. దాన్ని ఒక్కసారైనా మా ఇంట్లోనే, మా అమ్మ కళ్ళ ముందే ధిక్కరించి తీరాలని పట్టుబట్టింది నేను.

ఆ పట్టుకి కారణం ఉంది. అప్పుడే నాకు గుంటూరులో మిరపకాయలు ఎగుమతి చేసే ఒక కంపెనీలో, కాయ రంగూ ఘాటూ పరీక్షించే ల్యాబులో ఉద్యోగం వచ్చింది. ఊరి నుంచి రోజూ బస్సు ప్రయాణం. పొద్దున వెళ్ళేటప్పుడు నేనూ అందరిలాంటి ఆడపిల్లనే. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు మాత్రం నా పక్కన కూర్చున్నవాళ్ళు తుమ్మి తుమ్మి, నావైపు అనుమానంగా చూసి, వేరే సీటు వెతుక్కునేవాళ్ళు. (బస్సు ఎంత కిక్కిరిసినా నా పక్క సీటు నా బ్యాగుదే.) ల్యాబులో నాతో పనిచేసే అమ్మాయి అక్కడే బ్రాడీపేటలో గది తీసుకుంటూ "నువ్వూ వచ్చెయ్యి, చెరి సగం" అంది. ఆ మాట విన్న రోజు నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. నా సొంత తాళంచెవి, నా సొంత కిటికీ, నాకు నచ్చినప్పుడు తిండి. ఇంట్లో చెప్తే నాన్న అమ్మ మొహం చూశాడు. అమ్మ నా మొహం చూసింది.

"గది సరేలేవే. అక్కడేం తింటావు? మొన్న ఆ పురుగుల్లాంటి నూడుల్సు చేస్తే మీ నాన్న ఏమన్నాడో గుర్తుందా?" అంది.

గుర్తుంది. ఆ రోజు నాన్న నూడుల్సు గిన్నె ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, ఎంతో మర్యాదగా "బాగుందమ్మా. ఇక అన్నం పెట్టు" అన్నాడు. అది ఇంటిల్లిపాదికీ సామెతయిపోయింది. నేను బిక్కమొహం వేసుకుంటే అమ్మ అక్కడికక్కడే పందెం కాసింది. "ఒక్క రాత్రి అందరికీ నువ్వే వండిపెట్టు. నీ వంట తిన్నాక ఎవరూ అన్నం అడక్కూడదు. అడగలేదనుకో, గదికి పో. నేను అడ్డం రాను."

అమ్మ ఉద్దేశం పాపం మంచిదే. నేను బుద్ధిగా ఎసరు పెట్టి, పప్పుచారు కాచి, వంకాయ వేయించి, అన్నం వండి పెడితే ఎవరూ అడగాల్సిన పనే ఉండదు. పెద్దదాన్నయ్యానని సంతోషించి పంపించేసేది. కానీ అన్నం వండి గెలవడం కూడా ఒక గెలుపేనా? నా రక్తం అప్పుడలా మరిగేది. గెలిస్తే అన్నం మెతుకు లేకుండానే గెలవాలి, లేకపోతే జీవితాంతం ఆ బస్సులోనే పక్కవాళ్ళని తుమ్మిస్తూ తిరగాలి అని నిర్ణయించుకున్నాను. ల్యాబు అమ్మాయి ఫోన్లో చూపించిన ఒక వంట మనసులో మెదిలింది. బన్ను లేని బర్గర్, పేరు బర్గర్ బౌల్. గిన్నెలో ఆకులు, వాటి మీద వేయించిన కీమా, టమాటా, ఉల్లిపాయ, చీజ్, పైన సాసు. బన్నూ లేదు, అన్నమూ లేదు. చూడగానే ఇది నా కోసమే పుట్టిందనిపించింది.

ముహూర్తం బుధవారం. (గురువారం, శనివారం మా ఇంట్లో కోడి గడప దాటదు.) గుంటూరులో లెట్యూస్ ఆకూ చీజూ కొని, చికెన్ కొట్లో కీమా కొట్టించుకుని, బస్సెక్కి ఇంటికి ఫోన్ చేశాను. నాయనమ్మ ఎత్తింది. బస్సు రొదలో గొంతు చించుకుని "నాయనమ్మా, పొయ్యి మీద ఏం పెట్టొద్దని చెప్పు. ఇవాళ బర్గర్ చేస్తన్నా. బన్ను లేదు" అన్నాను. నేను చెప్పిందదే, ఆవిడ విన్నదీ అదే. అర్థం మాత్రం వేరే దారిలో పోయింది.

నాయనమ్మ గోడ దగ్గరికెళ్ళి పక్కింట్లో ఉండే బాబాయికి "పిల్ల ఏందో వండుద్దంట, బన్ను దొరకలేదంటరా" అని చెప్పింది. మా బాబాయిని ఊళ్ళో మైకు బాబాయి అంటారు. ఆయన మెల్లగా మాట్లాడితే వీధి చివరికి వినిపిస్తుంది, మామూలుగా మాట్లాడితే కల్లాల దాకా. నేను బస్సు దిగి ఇంటికొచ్చేసరికి అరుగు మీద బన్నుల సంచి. బాబాయి బండేసుకుని వెళ్ళి బేకరీలో ఉన్నవన్నీ ఊడ్చుకొచ్చాడు. ఆ కేక నాన్న చెవిన కూడా పడిందట, మిరప కల్లం నుంచి వస్తూ వస్తూ ఆయనా ఒక పొట్లం పట్టుకొచ్చాడు. అవి పైన చెర్రీ ముక్కలున్న తీపి బన్నులు.

"బన్ను దొరక్కపోవడం కాదు బాబాయ్. బన్ను వెయ్యకపోవడమే దీని గొప్ప" అన్నాను.

"అదేందే? బన్ను వెయ్యకపోతే బర్గర్ ఎట్టవుద్ది?"

"వేస్తే మామూలు బర్గర్ అయిపోద్ది."

"నువ్వు చేసేది బర్గరేగా?"

 ఆ ప్రశ్న వినపడనట్టు బన్నులన్నీ అటక మీదికెక్కించి, కొంగు లేకపోయినా చున్నీ బిగించి వంటింట్లోకి నడిచాను. నాయనమ్మ గుమ్మంలో కూర్చుని లెట్యూస్ ఆకుని వెలుతురుకి పెట్టి చూసి, "క్యాబేజీ పై ఆకులు పారేస్తే ఏరుకొచ్చావేందే?" అంది. అమ్మ వంటింటి వైపు రానే లేదు. పందెం కాసిన మనిషి కదా, వరండాలో కూర్చుని తొణక్కుండా చిక్కుళ్ళు ఒలుస్తోంది. కీమా బాగానే వేగింది. చివరికి సాసు దగ్గరికొచ్చాను. మయోనైజ్, టమాటా సాసు, అందులో సన్నగా తరిగిన పికిల్ వెయ్యమని ఫోన్లో ఉంది. పికిలేగా అనుకుని జాడీ మూత తీసి పండుమిరపకాయ పచ్చడి ఒక గరిటెడు వేసి కలిపాను. (ఆ పికిల్ అంటే వెనిగర్లో నానేసిన దోసకాయ అని చాలా రోజుల తర్వాత తెలిసింది. ముందే తెలిసినా నేను పచ్చడే వేసేదాన్ని.)

మా ఇంట్లో బౌల్సు ఎక్కడివి? పాయసం గిన్నెలు, సాంబారు గిన్నెలు, నాన్నకి పెరుగు తోడేసే గిన్నె తీశాను. అన్నిట్లోనూ అందంగా అమర్చి వరండాలోకి తీసుకెళ్ళి పెట్టాను. బన్నులు తెచ్చిన హోదాలో బాబాయి కూడా వచ్చి కూర్చున్నాడు. అందరూ గిన్నెలు చూశారు, మెచ్చుకోలుగా తలూపారు, చేతులు కడుక్కున్నారు, ఇక కదలకుండా కూర్చున్నారు. నేనూ నిలబడ్డాను. కాసేపటికి నాన్న దయగా "కూర బాగా కుదిరినట్టుందమ్మా. కంచాలు తెస్తావా?" అన్నాడు.

వాళ్ళు మిగతా భోజనం కోసం ఎదురుచూస్తున్నారని అప్పుడర్థమైంది. "ఇంతే. ఇదే భోజనం. చెంచాతో తినండి" అన్నాను.   నాన్న ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఇంకో చెంచా తీసుకున్నాడు. "పచ్చడి మనదేగా?" అన్నాడు, మొహం విప్పారింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలోనే గుండె జారిపోయింది. ఎందుకంటే పండుమిరపకాయ పచ్చడి నోటికి తగిలిన గుంటూరు మనిషికి ఆ తర్వాత ఏం కావాలో నాకు తెలుసు. నాన్న కళ్ళు అరమోడ్పులయ్యాయి, ఎడంచెయ్యి నేతి గిన్నె ఎక్కడుందా అన్నట్టు కదిలింది. "దీంట్లోకి వేడి వేడి..." అని మొదలుపెట్టి, నా మొహం చూసి, "మంచినీళ్ళు ఇవ్వమ్మా" అన్నాడు. పచ్చడిలోకి వేడి మంచినీళ్ళు అడిగిన తండ్రి లోకంలో నాకొక్కదానికే ఉంటాడు.

ఇంతలో నాయనమ్మ గిన్నె ముందుకు తోసింది. "పెరుగు తేవే."

"అయిపోయింది! అన్నం అడిగింది!" అని బాబాయి కేక పెట్టాడు. వీధిలో కుక్క మొరిగింది.

"నేనెక్కడడిగాన్రా అన్నం? పెరుగడిగా" అని నాయనమ్మ కసిరి, కీమా, ఆకులు, కరిగిన చీజు మీద గరిటెడు గడ్డ పెరుగు వేసుకుని, చెంచా పక్కన పారేసి, చేత్తో పిసికి కలిపి జుర్రుకుంది. ఆ దృశ్యం తలుచుకుంటే ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి. పెళ్ళయ్యేదాకా ఊరు దాటని మనిషి, నేను దాటాలని ఆ గిన్నె అడుగు కనిపించేదాకా తింది. అది చూసి నాన్న, నాన్నని చూసి బాబాయి తలవంచుకుని పూర్తి చేశారు.

ఇక మిగిలింది అమ్మ. మా ఇంట్లో అన్నం లేకుండా ఒక్క పూట కూడా ఉండలేని మనిషి ఆవిడే. నోరు తెరిచి ఒక్క మాటంటే చాలు, నేను రేపూ ఎల్లుండీ ఆ బస్సులోనే. నేను రెప్ప వెయ్యకుండా చూస్తున్నాను. అమ్మ ఒక్కో చెంచా మందు మింగినట్టు మింగి, గిన్నె కడిగి బోర్లించి, "పొద్దున్నే బస్సుంది, పడుకో" అంది.

గెలిచాను. రాత్రంతా మనసులో గంతులేశాను. పొద్దున లేచి వంటింట్లోకి వెళ్తే, ఇంకా పాలు కూడా కాచకుండానే పొయ్యి పక్కన అన్నం దించి ఉంది. అమ్మ గట్టుకి ఆనుకుని నిలబడి, పొగలు కక్కే అన్నంలో పచ్చడీ నెయ్యీ కలుపుకుని, నోటినిండా పెట్టుకుని నావైపు తిరిగింది. 

"అమ్మా!"

"ఏం? అడగలేదుగా. వండుకున్నా." ముద్ద మింగి, అటు తిరిగి, "ఆ గదిలో స్టవ్వు ఉందా, మనదే చిన్నది పట్టకపోతావా?" అంది. మెడ మీద నరం కదలడం చూశాను గానీ, ఏడుస్తోందా నములుతోందా అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

బర్గర్ బౌల్ చాలా మంచి వంట. ఎవరేమన్నా అదే చెప్తాను, అన్నం లేకుండా మనిషి బతకగలడని ఆ రాత్రి నేను రుజువు చేశాననే చెప్తాను. బ్రాడీపేట గదిలో మొదటి వారమంతా, పొద్దునా రాత్రీ నేను వండుకున్నది మాత్రం అన్నమే. ఆ సంగతి మా ఇంట్లో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. చెప్పను కూడా.