మా ఆయన కుడిచెయ్యి

మా ఆయన సుందర్ రాజు ఒంటి కంపు సంగతి న్యూజీలాండ్‌లో మేముండే పామర్‌స్టన్ నార్త్‌లో మా చర్చి వాళ్ళందరికీ తెలుసు. ఆ రోజుల్లో ఆదివారం మా వెనక బెంచీ ఎప్పుడూ ఖాళీగానే ఉండేది.

గుంటూరులో ఆయన కాలేజీ జువాలజీ ల్యాబ్‌లో అటెండరు. పిల్లలు కోయడానికి కప్పల్ని సీసాలో వేసి, క్లోరోఫాం దూది పడేసి మూత బిగించడం ఆయన పని. ఇరవై రెండేళ్ళు అదే చేశారు. 2003లో నా నర్సు ఉద్యోగం మీద ఇక్కడికొచ్చాక, ఊరి బయట ఓ ప్రైవేటు జంతువుల పార్కులో చేరారు.

"మణీ, ఇక్కడ ఈ చెయ్యి మేత పెట్టడమేగానీ చంపేది లేదే!" అని చిన్నపిల్లాడిలా మురిసిపోయారు.

ఆయనకు అప్పజెప్పింది ఐదు ఆఫ్రికా బుష్‌బేబీలను. కోతులకు దూరపు చుట్టాలు, పిడికెడంత ఉంటాయి, ముఖమంతా కళ్ళే. రాత్రి తిరిగే జీవాలు కనుక, జనానికి గెంతులు కనబడాలని పగలే వాటి గదిని చీకటి చేసి ఎర్రదీపం పెట్టేవారు. అవి తమ మూత్రాన్నే అరచేతుల్లో పట్టి అరికాళ్ళకు రుద్దుకుంటాయి. ఎక్కిన ప్రతి కొమ్మకూ ఆ వాసన అంటుతుంది. ఈయన్నీ ఓ కొమ్మను చేసుకున్నాయి.

"ఆ చేత్తోనే అన్నం కలుపుతారా? ఛీ ఛీ!" అని నేను స్పూను ముందు పడేసేదాన్ని.

"సబ్బుతో తోమానే తల్లీ" అని నవ్వి, చేత్తోనే పప్పన్నం కలిపి వేళ్ళు నాకి మరీ తినేవారు.

చెట్ల జిగురంటే వాటికి ప్రాణం. ఈయన రోడ్డు పక్క తుమ్మ జాతి చెట్ల నుంచి బంక గోకి తెచ్చి, అరచేతిలో పెట్టి నాలుకతో టక్కుమనిపిస్తే ఐదూ వచ్చి వాలేవి. అందులో పెద్దదానికి రత్తమ్మ అని పేరు పెట్టారు. అది 2007లో ఈనింది. పిల్లను నోట కరుచుకు తిరిగేది. మేతకు పోయేముందు కొమ్మల సందున దాచిపెట్టేది.

ఆ ఏడే పార్కు అమ్ముడుపోయింది. "సుందర్, ఆస్ట్రేలియాలో ఓ జూ వీటిని తీసుకుంటోంది. నువ్వు పిలిస్తేనే వస్తాయి, పెట్టెల్లోకి ఎక్కించు" అన్నాడు ఓనరు గ్రెగ్. ప్రయాణంలో తింటాయని ఈయన ఊరంతా తిరిగి బంక పోగుచేశారు. డబ్బా నేనే ఇచ్చాను.

టక్కుమనగానే నాలుగూ వచ్చి పెట్టెల్లోకి దిగాయి. ఆఖర్న రత్తమ్మ వచ్చింది. పిల్లను ఈయన కుడిచేతిలో దాచిపెట్టి, బంక కోసం పెట్టెలోకి పోయింది.

పెట్టెలు వ్యానెక్కలేదు, వెనక గదిలోకి వెళ్ళాయి. డబ్బా ఇద్దామని వెంట వెళ్తే తలుపు దగ్గరే ఈయనకు మందు వాసన కొట్టింది. క్లోరోఫాం కాకపోయినా ఆ పని చేసేదే. పశువుల డాక్టరమ్మ ఒక్కో పెట్టెకూ గొట్టం తగిలిస్తోంది. ఏ జూ వాళ్ళూ తీసుకోలేదట. నిజం చెబితే ఈయన పట్టివ్వరని గ్రెగ్ దాచాడట, వాడి నోట్లో మన్నుపడ! పైగా భుజం తట్టి, "గుడ్ జాబ్, మేట్. ఒక్కటీ కరవలేదు" అన్నాడు.

డాక్టరమ్మ పిల్ల కోసం చెయ్యి చాపింది. తల్లి లేకుండా అది బతకదని ఈయనకు తెలుసు. ఇచ్చేశారు.

"నేనే పిలిచానే మణీ" అన్నారు ఇంటికొచ్చి. పప్పన్నం పెడితే, లేచి వెళ్ళి సొరుగులోంచి స్పూను తెచ్చుకున్నారు.

రెండేళ్ళయింది. తిట్టాను, ఏడ్చాను, "చేత్తో తినండి, ఇంకేమీ అనను" అని కాళ్ళు పట్టుకున్నాను. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో స్పూను పట్టుకుని తింటారు.