బండికి ముక్కు పెట్టించిన మామ

మా మామ పోయిన కబురు నాకు ఆదిలాబాద్‌లో, కాలేజీ స్టాఫ్ రూములో టిఫిన్ డబ్బా మూత తీస్తుండగా అందింది. ఫోన్లో మా ఆయన "బాపు పోయిండు. నువ్వు మెల్లగ రా, ఉరుకకు" అన్నాడు. డబ్బా మూత మళ్లీ పెట్టేసి బండి తాళం తీసుకున్నాను. ఆ రోజు కొండ మీది ఘాట్ రోడ్డు దింపి నన్ను కరీంనగర్ చేర్చిన బండికి బానెట్ మీద ఒక ముక్కు ఉంది. పట్టుబట్టి పెట్టించింది మామే. కాబట్టి ఆయన గురించి చెప్పాలంటే ఆ ముక్కు దగ్గర మొదలుపెట్టడమే న్యాయం.

శ్రీరాంపూర్ బొగ్గు గనిలో గాలి తొవ్వలు చూసుకోవడం మామ పని. మంచి గాలి లోపలికి పోయే తొవ్వ ఒకటి, వేడెక్కి పాడైన గాలి బయటికి వచ్చే తొవ్వ ఇంకొకటి. రెండూ సక్కగా ఉంటేనే లోపలి మనుషులు బతుకుతారు. రిటైరై కరీంనగర్‌లో మా దగ్గరికి వచ్చాక చూసుకోవడానికి గని లేదు కదా, మా ఇంటి మీద పడ్డారు. ఏ కిటికీ పొద్దున తెరవాలో, ఏది సాయంత్రం మూయాలో ఆయనే చెప్పాలి. చుట్టాలొస్తే మంచినీళ్లకంటే ముందు వాళ్ల కుర్చీని గాలి తగిలే చోటికి జరిపేవారు. మా ఆయనకు చిరాకు. "బాపువన్నీ గాలి మాటలే" అనేవాడు. మామకు కోపం వచ్చేది కాదు.

"అవు, గాలి మాటలే. గాలి లేకుంటె మాటెక్కడిది?" అని నవ్వేవారు. నవ్వు చివర దగ్గు వచ్చేది. అన్నేళ్లు బొగ్గు దుమ్ములో తిరిగిన ఛాతీ. మందు పీల్చే గొట్టం చొక్కా జేబులో దువ్వెన పక్కనే ఉండేది.

నా సంగతి చెప్పాలి. సోమవారం ఆదిలాబాద్ పోయి, అక్కడ చిన్న గది తీసుకుని పాఠాలు చెప్పి, శనివారం తిరిగొస్తాను. బస్సుల్లో పడి పడి విసిగి, ఎవరో వాడిన డీజిల్ టర్బో బండి ఒకటి కొనుక్కున్నాను. చదును రోడ్డు మీద గుర్రమే. నిర్మల్ దాటి ఘాట్ ఎక్కడం మొదలుపెడితే మాత్రం దాని అసలు రంగు బయటపడేది. ఎండాకాలం ఒక మధ్యాహ్నం, మలుపులో ఎంత తొక్కినా బండి గుంజలేదు. గేరు మార్చేలోపు వెనక్కి జారింది. వెనక కర్రల లారీ. వాడు బ్రేకు కొట్టాడు కాబట్టి ఈ ముక్కలు రాస్తున్నాను.

ఇంటికొచ్చి, ఉద్యోగం మానేస్తున్నానని చెప్పేశాను. మా ఆయన వెంటనే సరేనన్నాడు, అది కూడా నాకు మంట. అంత తొందరగా ఒప్పుకోవాలా?

తెల్లారి చూస్తే మామ వాకిట్లో ఉన్నారు. బండి స్టార్టు చేసి, చేతిలో అగరుబత్తులు పట్టుకుని దాని చుట్టూ తిరుగుతున్నారు. పొగ ఎటు పోతే అటు వంగి చూస్తున్నారు. గనిలో గాలి ఎటు పోతుందో పొగతోనే చూసేవారట. ఆ సంగతి మాకేం తెలుసు? మా అత్త గడపలో నిలబడి, ముసలాయనకు గాలి సోకిందని తల కొట్టుకుంది. పక్కింటావిడ బండికి దిష్టి తగిలిందనుకుని నిమ్మకాయ పట్టుకొచ్చింది. మామ నిమ్మకాయ తీసుకుని, వాసన చూసి, పప్పులోకి పనికొస్తుందని అత్త చేతిలో పెట్టారు. ఆ తర్వాత నన్ను పిలిచారు.

"బిడ్డా, బండికి ఊపిరాడ్తలేదు. గా తక్లీఫ్ ఎట్లుంటదో నాకెరుక. నువ్వు నౌకరీ ఇడువకు, ముందుగాల దీని సంగతి చూద్దాం."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన చెయ్యి చొక్కా జేబు మీద ఉంది.

మా వీధి చివర డెంటింగ్ షెడ్డు భాయ్ బానెట్ ఎత్తగానే నవ్వాడు. టర్బో గాలిని ఒత్తి ఇంజన్‌లోకి తోస్తుంది, ఒత్తితే గాలి వేడెక్కుతుంది, ఆ వేడిని చల్లార్చే డబ్బా ఇంజన్ నెత్తిన ఉంటుంది. దాని మీదికి బయటి గాలి రావడానికి అసలు బానెట్‌కు ఒక ముక్కు ఉండాలి. నాకు అమ్మినాయన ఎక్కడో గుద్దుకుని, టర్బో లేని రకం బండి బానెట్ తెచ్చి బిగించినట్టున్నాడు. నున్నటి మూత! ఇన్నాళ్లూ నా బండి దుప్పటి ముసుగేసుకుని ఘాట్ ఎక్కుతోందన్నమాట.

అసలు బానెట్ దొరకలేదు. భాయ్ హైదరాబాద్ నుంచి ఫైబర్ ముక్కు ఒకటి తెప్పించాడు. అట్టముక్క కత్తిరించి బానెట్ మీద పెట్టి గీత గీశాడు. కింద ఉన్న ఇనుప పట్టీలకు దెబ్బ తగలకుండా కోశాడు. నా బండి నెత్తి మీద కట్టర్ మోగుతుంటే నేను చెవులు మూసుకోలేదు, కళ్లు మూసుకున్నాను. అంచులు ఆకురాయితో నున్నగా చేసి, తుప్పు పట్టకుండా పూత పూశాడు. ముక్కు బిగించే వేళకు వచ్చింది అసలు పేచీ.

ముక్కు రంధ్రం అద్దం వైపు తిరిగి ఉండాలన్నారు మామ. అది బండి వెనక్కి చూస్తుంది కదా అంటే వినరు. లోపలికి గాలి ముందు జాలీలోంచి ఎట్లాగూ పోతుందట, వేడి గాలి బయటికొచ్చే తొవ్వే లేదట. గనిలో జీవితమంతా చేసింది అదేనట. భాయ్ ఆయన గడ్డం పట్టుకుని బతిమిలాడాడు.

"కాకా, ఉల్టా అయితది. నా షెడ్డు ఇజ్జత్ పోతది."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. మామ మాటే నెగ్గింది. ముక్కు వెనక్కి తిరిగి కూర్చుంది.

ఆ సోమవారం మామ నా పక్క సీట్లో ఎక్కారు, తన పనితనం కళ్లారా చూడాలని. నిర్మల్ దాకా ఒకటే ముచ్చట్లు. ఘాట్ మొదలైంది. అదే మలుపు, అదే ఆయాసం. వెనక ఆర్టీసీ బస్సు హారన్ కొట్టీ కొట్టీ మమ్మల్ని దాటిపోయింది. కిటికీలోంచి ఒక ముసలమ్మ మా ముక్కు వైపు వింతగా చూసింది. మామ పక్కకు ఆపమన్నారు. దిగి, ముక్కు ముందు నిలబడి, తన నెత్తిన తానే చిన్నగా కొట్టుకున్నారు.

"గనిల గాలిని ఫ్యాను గుంజుతది బిడ్డా. గీడ బండే ఉరికి గాలిని అందుకోవాలె. నేను గనికి పెట్టిన, బండికి పెట్టలే." ఇక నవ్వు. రోడ్డు పక్కన రాయి మీద కూలబడి, దగ్గుతూ, గొట్టం పీలుస్తూ, మళ్లీ నవ్వారు. నేనూ ఆయన పక్కన కూర్చుని నవ్వాను.

శనివారం తిరిగొచ్చాక భాయ్ ముక్కును ముందుకు తిప్పాడు. లోపలికి వచ్చిన గాలి చెదిరిపోకుండా డబ్బా చుట్టూ రబ్బరు కట్టాడు. పాత బోల్టు రంధ్రాలు పూడ్చి రంగేశాడు. ఆ గుర్తులు ఇప్పటికీ వేలికి తగులుతాయి. మరుసటి సోమవారం బండి ఆ మలుపు ఎక్కిన తీరుకు నేనే భయపడ్డాను. కర్రల లారీని దాటేసరికి మామ సీట్లో నిటారుగా కూర్చుని, పెళ్లికొడుకులా మీసం దువ్వారు.

ఘాట్ పైన ఆపి, ఇంజన్ బంద్ చేశాను. మామ దిగి ముక్కు మీద అరచెయ్యి పెట్టారు. నన్ను కూడా పెట్టమన్నారు. లోపలి వేడి గాలి నెమ్మదిగా పైకి వస్తోంది.

"చూసినవా? బండి ఆగినంక గాలి నేను చెప్పిన లెక్కనే బయటికొస్తది. నేను సగం కరెక్టే" అన్నారు. ఆ సగం మార్కులు ఆయన ఎవరికీ వదల్లేదు. పెళ్లిళ్లలో, మంగలి షాపులో, చివరికి దవాఖానలో నర్సుకు కూడా ఈ కథ చెప్పి, చివర్లో ఆ సగం తనకు ఇప్పించుకునేవారు. నేను ఇప్పటికీ ఆదిలాబాద్‌లో పాఠం చెబుతున్నాను. అది మాత్రం ఆయనకు నూటికి నూరు.

పోయే ముందు మామకు ముక్కు దగ్గర ఆక్సిజన్ గొట్టం పెట్టారు. నేను చూడబోతే, గొట్టం చూపించి, "నాక్కూడ ముక్కు పెట్టిండ్రు, ముందల్కే పెట్టిండ్రు" అని కన్ను కొట్టారు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆయనంటే నాకు ప్రాణం.

దినాలు అయ్యాక సోమవారం మళ్లీ బయల్దేరాను. పక్క సీటు ఖాళీ. బండి మలుపులన్నీ గమ్మున ఎక్కేసింది. ఘాట్ పైన ఎప్పుడూ ఆగే చోటే ఆపి, ఇంజన్ బంద్ చేసి, దిగి ముక్కు మీద అరచెయ్యి పెట్టాను.

బండి ఆగిపోయింది. చేతికి వెచ్చటి గాలి ఇంకా తగులుతూనే ఉంది.