మాలగా ఒడ్డున కాల్చిన కవళ్ళు

నేపర్‌విల్‌లో మా ఇంట్లో చేప వండం. కార్తీక్ వాళ్ళది శాకాహార కుటుంబం. పెళ్ళికి ముందు అతను నన్ను అడిగింది ఆ ఒక్కటే. నేనేమో సముద్రం పక్కన ఉప్పాడలో చేపలు తింటూ పెరిగిన పిల్లని. స్పెయిన్ సముద్రపు ఒడ్డున, ఇసుక నింపిన పాత పడవల్లో మంట వేసి చేపలు కాలుస్తారని ఆఫీసులో ఎవరో చెప్పినప్పటినుంచి నాకు అదే ధ్యాస.

"వెళ్దాం సత్యా. నువ్వు తిను, నేను పక్కన కూర్చుంటా," అన్నాడు కార్తీక్. జూన్‌కి టికెట్లు బుక్ చేశాను.

షికాగో ఓహేర్ ఎయిర్‌పోర్టులో సాయంత్రం విమానం ఎక్కితే పొద్దున్నే మాడ్రిడ్. అక్కడ పదకొండింటి రైలు పట్టుకున్నాం. దారి పొడుగునా ఆలివ్ తోటలే. రెండింటికల్లా మాలగా చేరి, గదిలో సామాను పడేసి, సిటీ బస్సులో పెద్రెగలేహో అనే ఒడ్డుకి వెళ్ళాం. ఎక్కడికని అడిగిన పక్క సీటు పెద్దావిడ, ఫోర్క్ ముట్టుకోవద్దు, చేత్తోనే తినమని సైగ చేసి మరీ చెప్పింది.

వెదురు పుల్లకి ఆరేసి సార్డీన్లు గుచ్చి, మంట పక్కనే ఇసుకలో పాతుతారు. కల్లుప్పు తప్ప ఇంకేమీ వెయ్యరు. మేం వీటిని నూనెకవళ్ళు అంటాం. నాన్న సముద్రం మీద వేటకెళ్ళి రాగానే ఒడ్డునే కొబ్బరిమట్టల మంట మీద కాల్చి పెట్టేవాడు. మొదటి చేప నోట్లో పెట్టుకోగానే నా కళ్ళు చెమర్చాయి. కార్తీక్ బంగాళాదుంపలు తింటూ నవ్వాడు.

"తెలుగువాళ్ళా? మేం ఉండేది అరోరాలో అండీ, మీ నేపర్‌విల్ పక్కనే!" అంది పక్క టేబుల్ ఆవిడ, మా సంగతులు తెలుసుకుని. "ముళ్ళు ఎంత నీట్‌గా తీస్తున్నారండీ! మీదే ఊరు?"

నేను నోరు తెరిచేలోపు కార్తీక్ అందుకున్నాడు. "కాకినాడండీ. వాళ్ళ ఫాదర్‌ది సీఫుడ్ ఎక్స్‌పోర్ట్ బిజినెస్."

తడుముకోకుండా చెప్పాడు.

"కాదండీ, మాది ఉప్పాడ. మా నాన్న వేటకెళ్తారు. మత్స్యకారులం," అన్నాను.

"ఓ... నైస్," అని ఆవిడ పిల్లల వైపు తిరిగింది. మళ్ళీ మాతో మాట్లాడలేదు. కార్తీక్ బిల్లు కట్టేసి లేచి వెళ్ళి రోడ్డు మీద నిలబడ్డాడు. అప్పుడే నా రెండో పుల్ల వచ్చింది. ఒక్కదాన్నే కూర్చుని తిన్నాను. రుచి తెలియలేదు.

మిగతా రోజులు కోట చూశాం, మ్యూజియం చూశాం. అసలు మాట తిరుగు రైల్లో వచ్చింది.

"ఆ అరోరా వాళ్ళు మళ్ళీ దీపావళి పార్టీలో కనపడతారు. అంత డీటెయిల్ ఎందుకు చెప్పడం?" అన్నాడు కార్తీక్.

"మీ అమ్మానాన్నలకీ ఎక్స్‌పోర్ట్ అనే చెప్పావా?"

అతను కిటికీలోంచి బయటికి చూస్తూ, "అప్పట్లో ఈజీ అనిపించింది, సత్యా," అన్నాడు.

మా పెళ్ళి అమెరికాలోనే, కోర్టులో జరిగింది. నాన్నకి వీసా రాలేదు. రెండు కుటుంబాలూ ఇప్పటిదాకా కలవలేదు.

షికాగో విమానంలో కార్తీక్ నిద్రపోయాడు. వెళ్ళాలనుకునేవాళ్ళు వేసవిలోనే వెళ్ళండి, చేప కొవ్వెక్కి ఉంటుంది. ఆ వంటకి నేను వంక పెట్టలేను. కానీ దారంతా నాకు మామగారి గొంతే వినపడింది. ఫోన్ చేసినప్పుడల్లా ఆయన, "మీ నాన్నగారి వ్యాపారం ఎలా ఉందమ్మా?" అని అడుగుతారు. వేటనే మర్యాదగా అలా అంటున్నారనుకొని, "ఈ ఏడు చేప సరిగ్గా పడలేదు మావయ్యగారూ," అని జవాబు చెప్తూ వచ్చాను, ఆరేళ్ళుగా.