వేలం అంటే హర్రాజ్ అన్నాడు

చెవిని చేసి, దానికి మాటను వినిపించిన దేవునికి స్తోత్రం.

అది 2011. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో మా వినికిడి కేంద్రం కిందుగా రోజూ ఊరేగింపులే. డప్పులు మోగితే పరీక్ష ఆపి కూర్చునేవాళ్లం. రద్దీలో మాటలు అర్థంకానివారికి హియరింగ్ ఎయిడ్ ఎంత సాయపడుతుందో తేల్చే పరిశోధన మాది. ముందు స్పీచ్ ఆడియోమెట్రీ చేయాలి. అంటే, హెడ్‌ఫోన్లో వాక్యం వినిపించి తిరిగి చెప్పించడం. నిశ్శబ్దంలోనే సగం తప్పితే పరిశోధనలోకి తీసుకోరు, మిషనూ ఇవ్వరు.

యాదయ్యది నల్గొండ వైపు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో వేలం పాడించేవాడు. పాట తప్పుగా వింటున్నాడని, ఇంకోసారి తప్పితే మూటలు మోయడానికి పంపుతానని సేటు అన్నాడట.

“వేలం ఎప్పుడు మొదలవుతుంది?” అంది హెడ్‌ఫోన్లోని కోస్తా గొంతు.

“హర్రాజ్ ఎప్పుడు షురువైతది?” అన్నాడు యాదయ్య.

రూలు ప్రకారం తప్పు. “పండ్లు ఎలా ఉన్నాయి?” అంటే “పండ్లెట్లున్నయ్?” అన్నాడు. అదీ తప్పే.

“విన్నది విన్నట్టే చెప్పాలండీ.”

“ఇన్నదే చెప్తున్న గద మేడం! మీ లెక్క సాగదీసి అనాల్నా?”

పక్కనున్న భార్య నవ్వింది. “ఇంట్ల ఎంత పిలిచినా పలకడు. హర్రాజంటె మాత్రం ఇనబడ్తది.”

సగానికి పైగా తప్పులు పడ్డాయి. పంపేయాలి. నాకు కుదురు లేకుండా పోయింది. ఆ హెడ్‌ఫోన్ గొంతులాగే నేనూ కోస్తా నుంచి, గుంటూరు నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో ఉంటున్నదాన్నే. బైబిల్లో, ఒక్క మాట కాపలావాళ్లలా పలకలేదని యొర్దాను రేవులో చంపబడినవారు గుర్తొచ్చారు. మా హెడ్ గది తలుపు తట్టాను.

“యాసల గొడవ బయట చాల్లేదా? లోపలికి కూడా తెస్తారా?” అని విసుక్కున్నారాయన.

“గొడవ కాదు సార్. వేలం అన్న మాట చెవిన పడకపోతే హర్రాజ్ ఎక్కణ్ణుంచి వస్తుంది?”

ఆయన మార్కుల కాగితం తీసి చూశారు. “సరే, అర్థాన్ని బట్టి మార్కులు వేయండి” అన్నారు.

అలా వేస్తే నిశ్శబ్దంలో దాదాపు అన్నీ ఒప్పే. జనం గోల కలిపి వినిపిస్తే మాత్రం ‘అరవై’ అన్నది అతనికి ‘ఇరవై’గా వినబడింది. మిషను అమర్చాం. మళ్లీ వచ్చినప్పుడు యాదయ్య మొహం వెలిగిపోతోంది.

“పాట మంచిగ ఇనబడ్తుంది మేడం. సేటు తిట్లు గూడ.”

చెవి విన్నదాన్ని నోరు తన ఇంటి మాటలోనే తిరిగి చెబుతుందని ఆ కేసు నాకు నేర్పింది. అంతకుముందు ‘అర్థం కావడం లేదు’ అనిపించుకుని వెళ్లినవారిని మళ్లీ పిలిచాం. హయత్‌నగర్ వైపు ఇద్దరి ఫోన్లు కలవనేలేదు. వాళ్లకోసం నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, వారి మాట తెలిసినవారి దగ్గరికి వారిని నడిపించు. ఆమేన్.